రెండు పొలిమేరల నడుమ రేడియో అన్నయ్య

సరిహద్దు గొంతులు: ఎనిమిదో భాగం

గత భాగంలో బళ్లారి రాఘవ వెంట నడిచాం. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో పెరిగి, పగలు కోర్టులో వాదించి, రాత్రి రంగస్థలమెక్కిన మనిషి. పద్యాన్ని రాగంతో సాగదీసి చప్పట్లు కొట్టించుకోవడం నటన కాదని, పాత్ర మనసు పలకాలని పట్టుబట్టిన నటుడు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని వాదించి, వాళ్లను వేదిక మీదికి తెచ్చిన సంస్కర్త. 1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. రంగస్థలం మీద ఆయన గొంతు ఎలా పలికేదో ఈ రోజు మనకు చూసినవాళ్ల మాటల్లోనే దొరుకుతుంది. నాటకం ముగిసి దీపాలార్పగానే ఆ గొంతు కూడా గాలిలో కలిసిపోయేది.

ఈ భాగంలో ఇంకో రాఘవ. ఈయన గొంతు గాలిలోనే పుట్టింది, గాలిలోనే ప్రయాణించింది. బళ్లారి రాఘవ ఎదుట వందలమంది కూర్చునేవారు. ఈయన ఎదుట ఒక మైకు, చుట్టూ కొందరు పిల్లలు, అంతే. వినేవాళ్లు మాత్రం ఊరూరా ఉన్నారు. పూర్తి పేరు న్యాయపతి రాఘవరావు. తెలుగునాట ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన రేడియో అన్నయ్య. ఆయన భార్య కామేశ్వరి రేడియో అక్కయ్య.

బళ్లారిలో పుట్టని మనిషికి ఈ సరిహద్దు కథల్లో చోటెందుకని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఆయన గొంతు గాలిలోకి వచ్చిన తొలిరోజుల్లో బళ్లారి మద్రాసు రేడియో కేంద్రానికి సొంత జిల్లా. రెండోది ఇంకా దగ్గరిది. ఆయనా సరిహద్దు ఊరి బిడ్డే.

మద్రాసు దిక్కు చూసిన ఊరు

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీ వాళ్లకు దత్తం చేశాక, థామస్ మన్రో ఇక్కడ కలెక్టరుగా కూర్చున్న నాటి నుంచి 1953 దాకా బళ్లారికి రాజధాని మద్రాసే. పెద్ద కోర్టు మద్రాసులో. పెద్ద చదువు మద్రాసులో. బళ్లారి రాఘవ చదివిన క్రిస్టియన్ కాలేజీ, లా కాలేజీ మద్రాసులోనివే. ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడినా, బజారులో ఉర్దూ కలిపినా, అర్జీ పెట్టాలంటే మాత్రం మద్రాసు వైపే తిరగాలి. అలాంటి ఊరికి రేడియో కూడా మద్రాసు నుంచే వచ్చింది.

మద్రాసులో గాలిమాట పుట్టింది 1924లో. సి.వి. కృష్ణస్వామి చెట్టి అనే ఇంజనీరు పూనుకుని మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టారు. మూడేళ్లు నడిచాక డబ్బు చాలక క్లబ్బు మూతపడింది. దాని యంత్రం నగర కార్పొరేషన్ చేతికి వెళ్లింది. కార్పొరేషన్ 1930 నుంచి ప్రసారాలు నడిపింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలయ్యాకే అది జిల్లాల దాకా చేరే రేడియో అయింది.

ఆ కేంద్రానికి రెండు ట్రాన్స్‌మిటర్లుండేవి. మీడియం వేవ్‌ది పావు కిలోవాట్ శక్తి. నగరం, దాని చుట్టుపక్కల వరకే అది సరిపోతుంది. షార్ట్ వేవ్‌ది పది కిలోవాట్లు. దూరపు జిల్లాలు వినాలంటే ఇదే ఆధారం. మద్రాసు నుంచి బళ్లారికి నేరుగా కొలిచినా నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నేల మీదుగా పాకి వచ్చే బలం పావు కిలోవాట్‌కు లేదు. షార్ట్ వేవ్ తరంగం దారి వేరు. అది ఆకాశానికి ఎగసి, అక్కడ విద్యుదావేశం నిండిన పొరకు తగిలి, తిరిగి నేలకు వాలుతుంది. మధ్యలో ఏ కొండ అడ్డున్నా, ఏ తాలూకా పొలిమేర ఉన్నా దానికి పట్టదు. పొర నిలకడగా ఉన్న రోజు మాట స్పష్టంగా వినపడేది. లేని రోజు అలల మీద పడవలా గొంతు దగ్గరికి వచ్చి, మళ్లీ దూరమయ్యేది.

ఆనాటి రేడియో పెట్టె కూడా ఇప్పటి వాళ్లకు వింతే. లోపల వాల్వులు వేడెక్కేదాకా అది నోరు విప్పదు. మిద్దె మీద రెండు కొయ్యల నడుమ రాగితీగ కట్టాలి. కరెంటు లేని చోట బ్యాటరీ పెట్టుకోవాలి. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. ఇంత ఖర్చు భరించగలిగే ఇళ్లు ఏ వీధిలోనైనా ఒకటో రెండో. అందుకే రేడియో ఉన్న ఇల్లు ఆ వేళకు వీధి మొత్తానికి ఇల్లయ్యేది. పెద్దలు యుద్ధం వార్తల కోసం వచ్చేవారు. 1939 సెప్టెంబరు తర్వాత ఆ వార్తల కోసమే రేడియో కొన్నవాళ్లున్నారు. పిల్లలు గుమ్మం దగ్గర, కిటికీ చువ్వల వెనక చేరేవారు. వాళ్లకోసం రేడియోలో ఏముంది? వార్తలు వాళ్లవి కావు. కచేరీలు వాళ్లవి కావు. వ్యవసాయదారుల కార్యక్రమం వాళ్లది కాదు.

వాళ్లదంటూ ఒక గడియ ఉండాలని అన్నయ్య, అక్కయ్య పట్టుబట్టి సాధించారు.

బరంపురం పిల్లవాడు

న్యాయపతి రాఘవరావు 1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు. గంజాం జిల్లాలో పెద్ద పట్టణం అది. అప్పట్లో అదీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ప్రెసిడెన్సీకి వాయవ్యపు అంచున బళ్లారి. ఈశాన్యపు చివర బరంపురం. బళ్లారిలో తెలుగు, కన్నడ కలిసి కాపురం చేసినట్టే అక్కడ తెలుగు, ఒడియా కలిసి కాపురం చేశాయి. వీధిలో ఒక భాష, బడిలో ఇంకో భాష, పెళ్లిలో రెండూ. అలాంటి ఊళ్లో పెరిగిన పిల్లవాడికి చిన్నప్పుడే ఒక సంగతి తెలిసిపోతుంది. పక్కింటి పిల్లవాడి భాష వేరైనంత మాత్రాన వాడు పరాయివాడు కాడు. గోళీ ఆడేటప్పుడు ఎవరి భాషలో అరిచినా గెలుపు గెలుపే.

1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరే రాష్ట్రమైంది. బరంపురం అటు వెళ్లింది. అప్పటికి రాఘవరావుకు ముప్పై ఒకటో ఏడు నిండబోతోంది. ఊరు కదల్లేదు. ఇళ్లు, చెరువులు, గుళ్లు ఉన్నచోటే ఉన్నాయి. పటంలో గీత మాత్రం వాటికి ఇవతల పడింది. పదిహేడేళ్ల తర్వాత బళ్లారికి ఏమి జరగబోతోందో బరంపురం ముందే చూసింది.

ఈ సంగతి తెలిసి ఆయన జీవితాన్ని చూస్తే నాకు ఒక దారి కనపడుతుంది. ఏ రాష్ట్రంలో ఉన్నా పిల్లవాడు రేడియో ముందు కూర్చుంటే చాలు, తన ఇంటివాడైపోవాలి. అందుకు ఏ మాటతో పిలవాలి, ఏ మాటతో పిలిపించుకోవాలి? ఆ దంపతులు ఎంచుకున్న మాట ఈ కథకంతటికీ ఇరుసు.

మామయ్య కాదు, అన్నయ్య

రేడియోలో పిల్లల కార్యక్రమం మన కనిపెట్టుడు కాదు. లండన్‌లో బీబీసీ 1922లోనే పిల్లల గంట మొదలుపెట్టింది. అక్కడ మాట్లాడేవాళ్లు తమను తాము అంకుల్, ఆంటీ అని చెప్పుకునేవారు. అంకుల్ మాక్ అనే పేరుతో డెరెక్ మెకల్లక్ ఆ దేశపు పిల్లలకు ఇంటిమనిషయ్యాడు. తెలుగులో ఆ దారి తొక్కి ఉంటే రేడియో మామయ్య, రేడియో అత్తయ్య వచ్చేవారు. మామయ్య అంటే మనకూ ముద్దే, కానీ మామయ్య పెద్దవాడు. ఊరినుంచి వస్తాడు, మిఠాయి తెస్తాడు, మళ్లీ వెళ్లిపోతాడు.

అన్నయ్య అలా కాదు. అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు. మనకన్నా నాలుగు ముక్కలు ఎక్కువ తెలుసు, అయినా మనతోపాటు చెట్టెక్కుతాడు. అమ్మకు తెలియకుండా మామిడికాయ కోసిచ్చేది అన్నయ్య. లెక్క తప్పితే పక్కన కూర్చుని సరిదిద్దేది అన్నయ్య. అక్కయ్య జడ వేస్తుంది, పాట నేర్పుతుంది, చీకట్లో పెరట్లోకి తోడు వస్తుంది. వీళ్ల మాటకు అధికారం లేదు, చనువే ఉంది. పిల్లలు అధికారానికి తలవంచుతారు, చనువుకు మనసిస్తారు.

దంపతులిద్దరూ లోకానికి అన్నయ్య, అక్కయ్య ఎలా అయ్యారని ఈ రోజు ఎవరికైనా వింతగా తోచవచ్చు. ఆనాటి పిల్లలకు అది సందేహమే కాలేదు. ఆయనను చూసినా అన్నయ్యే, ఆమెను చూసినా అక్కయ్యే. ఆ వరసలు పెద్దల బంధుత్వ పట్టికలోంచి రాలేదు, పిల్లవాడి నోట్లోంచి వచ్చాయి. మైకు వెనక ఉన్న ఇద్దరూ పిల్లవాడు నిలబడ్డ చోటికి దిగివచ్చి నిలబడ్డారు.

బళ్లారిలో ఆ మాటకు ఇంకో బలముంది. తెలుగు పిల్లవాడు అన్న అంటాడు. కన్నడ పిల్లవాడు అణ్ణ అంటాడు. అక్క రెండు భాషల్లోనూ అక్కే. చెల్లి అనాలంటే అటు తంగి, ఇటు చెల్లి. ఆ మాట మారిపోతుంది. నాన్న అనాలంటే అప్ప, నాయన, అబ్బ, ఇంటికో తీరు. అన్న, అక్క మాత్రం కౌల్ బజారులో పిలిచినా, బ్రూస్‌పేటలో పిలిచినా, హగరి ఒడ్డున జొన్నచేలో పిలిచినా తిరిగి చూడని మనిషి ఉండడు. తమిళ పిల్లవాడికీ అంతే. మద్రాసు తమిళ కార్యక్రమంలోనూ తర్వాతి కాలంలో కూత్తపిరాన్‌ను శ్రోతలు వానొలి అణ్ణా అన్నారు. బెంగళూరు ఆకాశవాణిలో ఎ.ఎస్. మూర్తి ఈరణ్ణ పేరుతోనే నాడంతా తెలిశారు. దక్షిణాది రేడియో తన పిల్లలకు, పల్లెలకు దగ్గరైన ప్రతిచోటా ఆ రెండక్షరాల వరస ఏదో రూపంలో వినిపిస్తూనే ఉంది.

ఎర్రదీపం కింద పిల్లల గుంపు

ఆనాటి ప్రసారమంటే దాదాపు అంతా ప్రత్యక్షమే. స్టూడియోల్లోకి టేపు రికార్డర్లు వచ్చింది తర్వాతి కాలంలో. పలికిన మాట పలికినట్టే వెళ్లిపోతుంది. తప్పు దొర్లితే తుడిచి మళ్లీ పలకడానికి లేదు. పెద్ద విద్వాంసులే ఎర్రదీపం వెలగగానే గొంతు సవరించుకునే చోటది. అక్కడికి పదేళ్ల పిల్లలను గుంపుగా తీసుకువెళ్లి, మైకు చుట్టూ నిలబెట్టి, పాడించి, మాట్లాడించి, నాటకమాడించడమంటే మాటలు కాదు.

ఇందులో ఒక పనితనముంది. పిల్లవాడు చదివితే చదివినట్టు వినపడుతుంది. అప్పజెప్పితే అప్పజెప్పినట్టే వినపడుతుంది. మైకు దేన్నీ దాచదు. ఊపిరి, కాగితం చప్పుడు, భయం అన్నీ చెప్పేస్తుంది. పిల్లవాడు మాట్లాడినట్టు వినపడాలంటే వాడు నిజంగానే మాట్లాడాలి. వాడు మాట్లాడాలంటే ఎదురుగా ఉన్నవాడి మీద వాడికి నమ్మకముండాలి. అందుకే అన్నయ్య అనే పిలుపు శ్రోతలకోసం పెట్టుకున్న పేరు మాత్రమే కాదు. స్టూడియోలో పని జరగడానికి అదే మూలం. మేష్టారి ముందు నోరు పెగలని పిల్లవాడు అన్నయ్య ముందు గలగలమంటాడు.

బళ్లారి రాఘవ వేదిక మీద చేసిన పోరాటం ఇక్కడ గుర్తుకొస్తుంది. రాగం తగ్గించు, మనిషిలా మాట్లాడు అని ఆయన నటులకు చెప్పాడు. మైకు అదే పాఠాన్ని అందరికీ చెప్పింది. వేదిక మీది గొంతు చివరి వరుస దాకా వెళ్లాలి. రేడియో గొంతు ఒక్క పిల్లవాడి చెవి దగ్గర ఆగాలి. అరిస్తే వాడు బెదిరిపోతాడు. ఎదురుగా మూరెడు దూరంలో కూర్చున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడితే, బరంపురంలో ఉన్నవాడికీ బళ్లారిలో ఉన్నవాడికీ తనతోనే మాట్లాడుతున్నట్టుంటుంది. ఇద్దరు రాఘవలూ తెలుగు గొంతుకు సహజంగా పలకడం నేర్పినవాళ్లే. ఒకరు పెద్దలకు, ఒకరు పిల్లలకు.

కామేశ్వరిగారి పాత్రను ఆయన నీడగా చెప్పడం అన్యాయం. 1908లో పుట్టిన ఆమె, ఆడపిల్ల గొంతు గడప దాటకూడదనే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్న రోజుల్లో మైకు ముందుకు వచ్చారు. తెలుగు రేడియోలో తొలితరం మహిళల గొంతుల్లో ఆమెది ఒకటి. బళ్లారి రాఘవ నాటకంలో స్త్రీ వేదికెక్కితే ఊరు రెండుగా చీలి వాదించుకుంది. రేడియోలో అక్కయ్య మాట్లాడితే ఇల్లంతా చెవి ఒగ్గింది. ఆమె గొంతు వింటూ పెరిగిన ఆడపిల్లకు మైకు తనకూ అందే వస్తువేనని తోచింది. ఏ సభలోనూ తీర్మానం చేయకుండా జరిగిన మార్పు అది.

ఈ దంపతుల పనికి బాలానందం అని పేరు. రేడియోలో కార్యక్రమంగా, బయట బాలానంద సంఘంగా ఆ పేరు విస్తరించింది. రేడియో అంటే ఒకరు చెబితే అందరూ వినే సాధనం. వాళ్లు దాన్ని తిరగేశారు. విన్న పిల్లలు ఒకచోట చేరాలి, తామే పాడాలి, ఆడాలి, రాయాలి. వినడంతో మొదలై కలవడంతో పూర్తయ్యే పనిగా దాన్ని మలిచారు.

గాలిలోంచి కాగితం మీదికి

గాలిమాటకు ఒక లోటుంది. మళ్లీ కావాలంటే దొరకదు. నచ్చిన పాటను పిల్లవాడు వారం పాటు సగం సగం గుర్తుపెట్టుకుని తిప్పలు పడతాడు. ఆ లోటు తీర్చడానికి అన్నయ్య, అక్కయ్య 1945 ఆగస్టులో మద్రాసు నుంచి బాల పత్రిక ప్రారంభించారు. ప్రపంచయుద్ధం ముగిసిన నెల అది. కాగితం కరువుకాలం. పెద్దల పత్రికలే పుటలు తగ్గించుకున్న రోజుల్లో పిల్లలకోసం పత్రిక పెట్టడం సాహసం. చందమామ వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు, 1947 జులైలో.

బాలలో పిల్లల రచనలకు చోటుండేది. పిల్లలకోసం పెద్దలు రాసి పెట్టడం ఒక పద్ధతి. పిల్లలు రాసినదాన్ని అచ్చువేసి పిల్లలకే ఇవ్వడం ఇంకో పద్ధతి. అన్నయ్య ఈ రెండోదాన్ని కూడా నమ్మారు. ఆ నమ్మకం ఏం చేసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1945లోనే పద్నాలుగేళ్ల కుర్రవాడు రాసిన కథ ఒకటి బాలలో అచ్చయింది. ఆ కుర్రవాడు ముళ్లపూడి వెంకటరమణ. ఇంకా పన్నెండేళ్లు నిండని మరో పిల్లవాడు అదే పత్రికలో బొమ్మలు వేశాడు. వాడు బాపు. తర్వాత అరవై ఏళ్లకు పైగా తెలుగువాళ్లు ఏ ఇద్దరి పేర్లను ఒకే పేరులా పలికారో, ఆ ఇద్దరి చేతిలో తొలి కలం, తొలి కుంచె నిలిపిన పుటలవి. పిల్లవాడి పేరు అచ్చులో చూసిన రోజు ఇంటిల్లిపాదికీ పండుగే, ఆ పిల్లవాడికి మాత్రం అది బతుకుబాట.

గీత మళ్లీ గీశారు

ఇక బళ్లారి వంతు. ఆంధ్రరాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలారు. నాలుగు రోజులకు నెహ్రూ రాష్ట్ర ప్రకటన చేశారు. బళ్లారి జిల్లా ఎటు పోవాలన్నది చిక్కుముడి అయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు. హోస్పేట, కూడ్లిగి, హడగలి, హరపనహళ్లి, సిరుగుప్ప, సండూరు మైసూరుకు. బళ్లారి తాలూకా ఒక్కటీ తేలలేదు. జస్టిస్ మిశ్రా విచారణ జరిపాక ఆ తాలూకా కూడా మైసూరుకే అన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. అదే రోజు బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది.

ఆ రోజున ఈ ఊళ్లో ఒకింట పండుగ, పక్కింట దిగులు. ఇంట్లోనే అన్న సంబరపడితే తమ్ముడు అలిగిన సందర్భాలూ ఉండి ఉంటాయి. ఎవరి బాధ తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. పిల్లల సంగతి చెప్పాలని చెబుతున్నాను. నిన్నటిదాకా రాయదుర్గంలో ఉన్న అమ్మమ్మ ఊరు ఒక్క రాత్రిలో వేరే రాష్ట్రమైంది. బడిలో పటం మారింది. పాఠం మారింది. ఒక్క రేడియో పెట్టె మీది ముల్లు మాత్రం నిన్న ఎక్కడ నిలిపితే ఏ గొంతు పలికిందో, ఈ రోజూ అక్కడే నిలిపితే అదే గొంతు పలికింది. షార్ట్ వేవ్ తరంగానికి రాష్ట్ర పునర్విభజన తెలియదు.

క్రమంగా రేడియో లోకం కూడా మారింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియో హైదరాబాదు కేంద్రమైంది. అదే ఏడాది జనవరిలో ధార్వాడ కేంద్రం కన్నడ గొంతుతో మొదలైంది. 1955లో బెంగళూరు కేంద్రం వచ్చింది. ఇక్కడ బళ్లారి వాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ ముక్క ఒకటుంది. ఆకాశవాణి అన్న పేరు 1935లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి తన ఇంటినుంచి నడిపిన రేడియోకు పెట్టుకున్నది. ఆ పేరే తర్వాత దేశమంతటికీ పేరైంది. బళ్లారి తాను చేరిన రాష్ట్రంలో ఆ మాట పుట్టిల్లు చూసింది.

అలా బళ్లారి మిద్దెల మీది తీగ నాలుగు దిక్కులకూ చెవి ఒగ్గింది. పడమట ధార్వాడ, దక్షిణాన బెంగళూరు, ఈశాన్యాన హైదరాబాదు, తూర్పున విజయవాడ. రాత్రివేళ మీడియం వేవ్ కూడా దూరాలు దాటుతుంది. పగలు ఆ తరంగాలను మింగేసే కింది పొర సూర్యాస్తమయంతో కరిగిపోతుంది. పైపొర వాటిని తిప్పి పంపుతుంది. అందుకే పొద్దు వాలాక బళ్లారి రేడియోలో కేంద్రాలు కిక్కిరిసేవి. ముల్లు వెంట్రుకవాసి కదిపితే కన్నడ వార్త, ఇంకో వెంట్రుకవాసి కదిపితే తెలుగు హరికథ. 1963లో కడప కేంద్రం వచ్చాక రాయలసీమ తెలుగు మరీ దగ్గరైంది. రెండు రాష్ట్రాల మధ్య కార్యాలయాలు ఎంత దూరమో లెక్కలేసుకుంటుంటే, రేడియో ముల్లు మీద ఆ దూరం గోరంత.

హైదరాబాదులో మళ్లీ మొదలు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అన్నయ్య, అక్కయ్య మద్రాసు విడిచి హైదరాబాదు చేరారు. ఆయనకు అప్పటికి యాభై దాటాయి. ఆ వయసులో ఊరు మారి, మళ్లీ పిల్లలను పోగుచేసి, మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టారు. ఆంధ్ర బాలానంద సంఘానికి కాచిగూడ దగ్గర నింబోలిఅడ్డ చిరునామా అయింది. అక్కడ పాట నేర్చుకున్న పిల్లలు, నాటకమాడిన పిల్లలు, రేడియో స్టూడియోకు తొలిసారి వెళ్లిన పిల్లలు ఎన్ని తరాలవాళ్లో! తర్వాత వాళ్లలో గాయకులైనవాళ్లున్నారు, నటులైనవాళ్లున్నారు. ఏమీ కాకపోయినా నలుగురిలో నోరు విప్పి మాట్లాడగల మనుషులైనవాళ్లు ఇంకా ఎక్కువమంది. ఆ చివరివాళ్లే ఆ దంపతుల అసలు సంపాదన అని నేననుకుంటాను.

కామేశ్వరిగారు 1980లో వెళ్లిపోయారు. రాఘవరావుగారు 1984 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆయన గొంతు విని పెరిగినవాళ్లలో అప్పటికే మనవలను ఎత్తుకున్నవాళ్లున్నారు. తాతలైపోయిన వాళ్లు కూడా అన్నయ్య పోయారనే అన్నారు. ఆ మాటకు వయసు లేదు.

హైదరాబాదు ఆకాశవాణిలో బాలానందం ఆగలేదు. తురగా జానకీరాణి ఆ బాధ్యత తీసుకుని ఎన్నో ఏళ్లు నడిపారు. తర్వాతి తరం పిల్లలు ఆమెనూ రేడియో అక్కయ్య అనే పిలిచారు. ఒక మనిషి పెట్టుకున్న పేరు వరసగా మారి, ఇంకొకరికి వారసత్వంగా అందడం అరుదు. ఆ పీఠం మీద అధికారం లేదు, చనువే ఉంది కనుక అది అలా చేతులు మారగలిగింది.

బళ్లారి మిగుల్చుకున్నది

ఈ ధారావాహిక మొదలుపెట్టినప్పుడు ఒక ప్రశ్న వేసుకున్నాం. సరిహద్దు మీద బతికే మనిషికి ఏది తనది? పటం చెప్పేదా, బడి చెప్పేదా, ఇంటి భాష చెప్పేదా? రెండు సరిహద్దు ఊళ్ల మధ్య నడిచిన ఈ కథ ఒక జవాబు ఇస్తుంది. మనల్ని మన వరసతో పిలిచిన గొంతు మనది. ఆ గొంతు ఏ రాష్ట్రంనుంచి వచ్చిందన్నది తర్వాతి మాట.

ఈ రోజు బళ్లారిలో రేడియో అంటే కారులో మోగే ఎఫ్ఎం. వాల్వులు వేడెక్కేదాకా ఆగే ఓపిక ఎవరికీ అక్కర్లేదు. మిద్దెల మీద రాగితీగలు ఎప్పుడో మాయమయ్యాయి. సాయంత్రం మండక్కి ఒగ్గరణె బండి దగ్గరికి వెళ్లండి. మిరపకాయ బజ్జీ వేడిగా కావాలని ఒక పిల్లవాడు అన్నా అంటాడు, వాడి పక్కనున్నవాడు అణ్ణా అంటాడు. బండివాడు ఇద్దరికీ ఒకేలా తిరిగి చూస్తాడు, ఇద్దరి పొట్లాల్లోనూ ఒకేలా బజ్జీలు వేస్తాడు. ఎవరిది ఏ భాష అని అడగడు. బరంపురంలో పుట్టిన ఒక మనిషి మద్రాసు స్టూడియోలో మైకు ముందు కూర్చుని తనకోసం ఎంచుకున్నది సరిగ్గా ఆ పిలుపే.

*వచ్చే భాగంలో: 1963లో గొంతు విప్పిన కడప ఆకాశవాణి కేంద్రం, గాలిలో వినిపించిన రాయలసీమ మాట.*